నెల తప్పుట: గర్భ మొక్కటియే కారణమా?

మన తెలుగులో "నెల తప్పినది" యన్న మాటకు గర్భవతి యైనదని యర్థము. వివాహిత విషయమున నీ మాట వినగానే యింటిల్లిపాదియు సంతసింతురు. అవివాహిత విషయమున నదే మాట గుసగుసలకు దారి తీయును. దీనికి వెఱచియే యెందఱో కన్యలు మూడు నాలుగు నెలలు ముట్టు రాకున్నను తల్లితోనైనను జెప్పక దాచుకొందురు. గర్భమున్నదో లేదో తెలిసికొనుటకు మూత్రపరీక్ష యున్నది. అవసరమైనచోట దానిని గద్దింపు లేకుండ చేయించి, పిమ్మట తక్కిన కారణములు వెదకవలెను.

ముందుగా లెక్క సరిగా నుండవలెను. ముట్టైన మొదటి దినము నుండి మఱల ముట్టగు మొదటి దినము వఱకు నొక ఋతుచక్రము. అది 28 దినములే యుండవలెనన్న నియమము లేదు. పెద్దవారిలో 24 మొదలు 38 దినముల వఱకు సహజమే. రజస్వలయైన తొలి రెండు మూడేండ్లలో 45 దినముల వఱకు జరుగుటయు గలదు.

ఇక నాలస్య మెక్కడ జరుగును? అండము విడుదలయైన సుమారు 14 దినములకు ముట్టు వచ్చునని జపాను వైద్యుడు ఒగినో, ఆస్ట్రియా వైద్యుడు క్నాస్ 1920 ప్రాంతపు దశకములో వేఱువేఱుగా గనుగొనిరి. ఈ రెండవ భాగము పెద్దగా మాఱదు. కావున ముట్టు ఆలస్యమైనదనగా, చాల మట్టుకు అండము విడుదల ఆలస్యమైనదనియే యర్థము. ఆ విడుదలకు ఆజ్ఞ మెదడు నుండి రావలెను. తీవ్రమైన జ్వరము, పరీక్షల దిగులు, ఆప్తుల మరణము, కడుపు మాడ్చుకొనుట, మితిమీఱిన వ్యాయామము, వీనిలో నేదియైనను ఆ యాజ్ఞను నిలిపివేయవచ్చును. సన్నబడవలెనని యన్నము మానిన పిల్లకు నెలల తరబడి ముట్టు రాకున్నచో ఎముకలు సయితము బలహీనమగును. ఇది ఉపేక్షింపదగినది కాదు.

నేడు తఱచుగా వినవచ్చు కారణము పీ.సీ.ఓ.ఎస్. దీనిని 1935లో చికాగో నగరమున స్టెయిన్, లెవెంతాల్ అను వైద్యులు వర్ణించిరి. ముట్లు దూరమగుట, గడ్డముపై రోమములు, తగ్గని మొటిమలు దీని గుర్తులు. బక్కపలుచని వారికిని రావచ్చును. "ఇక పిల్లలు పుట్టరు" అని యిరుగుపొరుగు వారు చెప్పు మాట నమ్మవలదు. చికిత్సతో ననేకులు తల్లులగుచున్నారు. కాని యేండ్ల తరబడి వదలివేసిన గర్భాశయపు లోపొర దళసరియై, కొందఱిలో కాన్సరుకు దారి తీయగలదు. మధుమేహ భయమును గలదు. అధిక బరువున్నవారు నూటికి 5 వంతులు తగ్గినను ముట్లు దారికి రావచ్చును.

థైరాయిడు గ్రంథి మందగించినను, మితిమీఱినను ఋతువు తప్పును. రక్తపరీక్షతో తేలు విషయమిది. బిడ్డకు పాలిచ్చుచున్నప్పుడును, 45 ఏండ్లు దాటి ముట్లుడుగు కాలము సమీపించినప్పుడును క్రమము తప్పుట సహజము. అయినను ఆ కాలములలో గర్భము రాదని ధీమాగా నుండరాదు.

నోములకు, పెండ్లిండ్లకు ముట్టు వాయిదా వేయు మాత్రలను గుఱించి యొక మాట. అవి మానిన రెండు మూడు దినములలో సాధారణముగా ముట్టు వచ్చును. కాని రక్తము గడ్డకట్టు జబ్బు వచ్చియున్నవారికవి యపాయకరములు. వైద్యుని యడుగక అంగడిలో గొనరాదు. నువ్వుల చిమ్మిలి మంచి యాహారమే, రుచికి నేనును దానికి దాసురాలను. అయినను థైరాయిడుకది మందు కాదు.

ముట్టు ఆలస్యమై, పొత్తికడుపున నొకప్రక్క నొప్పి, కన్నులు తిరుగుట యున్నచో గర్భము గర్భాశయము వెలుపల నిలిచియుండవచ్చును. ఆ గడియనే ఆసుపత్రికి పోవలెను. మూడు నెలలు ముట్టు రాకున్నను, 15 ఏండ్లు నిండియు రజస్వల కాకున్నను, ముట్లుడిగిన యేడాదికి పిమ్మట రక్తము కనబడినను వైద్యురాలిని చూడవలెను. పోవునప్పుడు ముట్టైన తేదీలు గుర్తించిన గోడ క్యాలెండరును, వాడుచున్న మందుల చీటీని వెంట తీసికొనిపొండు. ఆమె మొదట నడుగునది వానినే.