సామాజిక సర్వేలలో చలరాశుల కొలత స్థాయిలు: కొల్లేరు ప్రాంతపు ఉదాహరణలు

విస్తరణ పరిశోధనలో రైతుల నుండి సేకరించే ప్రతి సమాధానం చివరకు ఒక అంకెగా పట్టికలోకి చేరుతుంది. అయితే అంకెలన్నీ ఒకే స్వభావం కలవి కావు. ఏ అంకెపై ఏ గణన చెల్లుతుందో నిర్ణయించేది ఆ చలరాశి కొలత స్థాయి. అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్ 1946లో ఈ స్థాయిలను నాలుగుగా వర్గీకరించారు.

నామమాత్ర స్థాయి: ఏలూరు జిల్లాలో ఒక సర్వేకు వరి 1, చేపల చెరువు 2, ఆయిల్‌పామ్ 3 అని సంకేతాలు ఇచ్చినప్పుడు అవి పేర్లకు బదులుగా వాడిన గుర్తులు మాత్రమే. వరి రైతులు, ఆయిల్‌పామ్ రైతులు సమాన సంఖ్యలో ఉన్న ఊరిలో సగటు 2 వస్తుంది. ఒక్క చెరువైనా లేని ఆ ఊరి రైతు సగటున చేపల రైతు అవుతాడు! ఇక్కడ శాతాలు, బాహుళకం, కై-వర్గ పరీక్ష మాత్రమే తగినవి.

క్రమ స్థాయి: తాడేపల్లిగూడెం పరిసరాల కొబ్బరి తోటలలో కోకో అంతరపంట యాజమాన్యాన్ని ‘పూర్తిగా’, ‘పాక్షికంగా’, ‘అసలు లేదు’ అని నమోదు చేస్తే వరుస తెలుస్తుంది కాని, వాటి మధ్య దూరాలు సమానమని చెప్పలేము. మధ్యగతం, స్పియర్‌మన్ కోటి సహసంబంధం ఇక్కడ ఉపయుక్తం. లైకర్ట్ మాపనిలోని విడి అంశాలూ ఈ స్థాయివే. పలు అంశాల మొత్తాన్ని అంతర స్థాయిగా భావించేటప్పుడు అందుకు కారణం చూపాలి.

అంతర స్థాయి: కొల్లేరు అభయారణ్యపు హద్దును 1999లో +5 అడుగుల కాంటూరు వరకు ప్రకటించారు. ఈ ఎత్తును సగటు సముద్ర మట్టం నుండి లెక్కిస్తారు. ఇక్కడ సున్నా అంటే ఎత్తు లేకపోవడం కాదు, ఎంచుకున్న ప్రమాణ మట్టం. +5, +10 కాంటూర్ల మధ్య తేడా 5 అడుగులన్నది సార్థకం. ఒకటి మరొకదానికి రెండింతలనడం అర్థరహితం. చెరువు నీటి ఉష్ణోగ్రతను సెల్సియస్‌లో కొలిచినప్పుడూ ఇంతే.

నిష్పత్తి స్థాయి: కమతం విస్తీర్ణం, చెరువులో నీటి లోతు, చేపల దిగుబడి వంటి వాటికి నిజమైన సున్నా ఉంటుంది. నాలుగు టన్నులు రెండు టన్నులకు రెండింతలే.

పై స్థాయి సమాచారాన్ని కింది స్థాయికి మార్చవచ్చు. కింది స్థాయి నుండి పైకి ఎక్కించలేము. హెక్టారు లోపు ‘సన్నకారు’, 1–2 హెక్టార్లు ‘చిన్నకారు’ అని మాత్రమే రాసుకుంటే అసలు విస్తీర్ణం తిరిగి దొరకదు. అందువల్ల రైతు చెప్పిన ఎకరాలు, సెంట్లనే ప్రశ్నావళిలో నమోదు చేసి, వర్గీకరణను విశ్లేషణ దశకు వదలాలి. దిగుబడిని బస్తాలలో చెబితే బస్తా బరువునూ అడిగి రాసుకోవాలి.

స్థాయి అనుమతించినంత మాత్రాన సగటు సరైన చిత్రం ఇస్తుందనుకోరాదు. ఐదుగురు రైతుల కమతాలు 1, 1, 2, 2, 24 ఎకరాలైతే అంకమధ్యమం 6, మధ్యగతం 2. ఆరెకరాల రైతును దృష్టిలో ఉంచుకొని రూపొందించిన సిఫారసు ఆ ఐదుగురిలో నలుగురికి పనికిరాకపోవచ్చు. కొలత స్థాయిని ప్రశ్నావళి రచన దశలోనే నిర్ణయించుకోవడం గణాంక నియమం మాత్రమే కాదు. సిఫారసు సరైన రైతుకు చేరడానికి అది తొలి మెట్టు.