మెటికల దగ్గర 19, మణికట్టు దగ్గర 15

గుంటూరు బ్రాడీపేటలో చిరునామాకు రెండంకెలు చాలు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆటో అతను ఇంకేమీ అడగడు. గాజుల కొలత కూడా రెండంకెలే: రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది. కొట్లో కూర్చోగానే మనం చెప్పేదీ ఆ రెండంకెలే. అవి కూడా చాలాసార్లు పెళ్లినాటివో, అక్కవో, అమ్మవో. పండగ పూట నాలుగు గంటలు వేసుకుని తీసి బీరువాలో పెట్టే గాజుకు ఆ మాత్రం చాలు. పిండి కలిపేటప్పుడు, బండి నడిపేటప్పుడు, కీబోర్డు మీద, నిద్రలో కూడా చేతికే ఉండే నగకు చాలదు. దానికి డిజైను పుస్తకం తెరవకముందే మీ చేతివి రెండు కొలతలు తీసుకుని, పెద్దదాన్లోంచి చిన్నది తీసేయాలి. గాజు కొనాలా, కడియం కొనాలా, గొలుసు బ్రాస్‌లెట్ కొనాలా అన్నది ఆ మిగిలిన అంకె చెబుతుంది.

ముందు ఆ రెండంకెల సంగతి. గాజు సైజులో మొదటి అంకె అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. 2.4 అంటే లోపలి వ్యాసం రెండుంబావు అంగుళాలు, 2.8 అంటే రెండున్నర. ఆ చుక్క దశాంశం కాదు కాబట్టే 2.10 గాజు 2.8 కన్నా పెద్దది. ఒక సైజు నుంచి పై సైజుకు వెళ్తే వ్యాసం రెండు పదహారో వంతులు, అంటే 3.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాన్ని 3.14తో గుణిస్తే చుట్టుకొలత దాదాపు సరిగ్గా ఒక సెంటీమీటరు. అందువల్ల గుర్తుపెట్టుకోవడం చాలా తేలిక. చుట్టుకొలత 17 సెంటీమీటర్లయితే 2.2, 18కి 2.4, 19కి 2.6, 20కి 2.8, 21కి 2.10. టైలరు టేపు ఒకటుంటే మీ సైజు ఇంట్లోనే తేలిపోతుంది.

టేపు ఎక్కడ పెట్టాలన్నదే అసలు విషయం. బొటనవేలిని చిటికెనవేలి వైపు మడిచి, గాజు తొడిగేటప్పుడు పట్టినట్టే చెయ్యి దగ్గరకు ముడిచి, మెటికల దగ్గర అన్నిటికన్నా వెడల్పున్న చోట చుట్టండి. అది మొదటి కొలత. మణికట్టు ఎముక చుట్టూ బిగించకుండా తీసుకునేది రెండోది. సాయంత్రం పూట తీసుకుంటే మంచిది. పొద్దుటి కన్నా సాయంత్రానికి, చలికాలం కన్నా మన ఎండాకాలానికి వేళ్లు కాస్త ఉబ్బుతాయి.

మెటికల దగ్గర 19, మణికట్టు దగ్గర 15 వచ్చిందనుకుందాం. తేడా 4. ఈ చేతికి 2.6 గాజే ఎక్కుతుంది, కానీ ఎక్కాక 4 సెంటీమీటర్ల వదులు మిగులుతుంది. చెయ్యెత్తితే ముంజేతి మీదికి జారుతుంది, దించితే అరచేతి మీదికొస్తుంది. బల్లకు కొట్టుకుంటూ, బండి హ్యాండిలుకు తగులుతూ రోజంతా తిరుగుతుంది. గొలుసు బ్రాస్‌లెట్‌కు ఈ బాధ లేదు. అది మెటికలు దాటి రానక్కర్లేదు కనుక మణికట్టు కొలతకు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు కలిపితే సరి. 15 చేతికి పదహారున్నర, 17 మధ్య.

నా లెక్కలో తేడా 3 లోపుంటే సాదా గాజు హాయిగా ఉంటుంది. 4 వచ్చినా, దాటినా రోజువారీకి గాజు వద్దు. మర తిప్పి తెరిచే కోలగుండ్రని కడియమో, గొలుసు బ్రాస్‌లెట్టో తీసుకోండి. మణికట్టు గుండ్రంగా ఉండదు, పక్కకు వెడల్పు, మందం తక్కువ. అందుకే కోల కడియం తిరగకుండా కూర్చుంటుంది. 3కీ 4కీ మధ్యవాళ్లు చేసే పనిని బట్టి తేల్చుకోవాలి. రోజంతా కంప్యూటరు ముందుండేవాళ్లకు బల్లమీద రాసుకోని నగ కావాలి. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు చేతులు కడిగిన ప్రతిసారీ తీయగలిగింది కావాలి. ఇంకొక మాట: వెడల్పు సెంటీమీటరు దాటిన పట్టీ గాజు సన్న గాజంత సులువుగా మెటికలు దాటదు, ఒక సైజు పెద్దది తొడిగి చూడండి.

మందం విషయంలో మనవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారని నాకనిపిస్తుంది. బంగారం ధర చూసి సన్నవి అడుగుతాం, సన్నవి వంగుతాయి. ఎంత వంగుతాయో లెక్కేసి చూద్దాం. 2.6 సైజులో 22 క్యారెట్ల గుండ్రటి తీగ గాజు తీసుకోండి. ఈ బంగారం ఘన సెంటీమీటరు సుమారు 17.7 గ్రాములు తూగుతుంది. తీగ మందం ఒకటిన్నర మిల్లీమీటర్లయితే గాజు 6 గ్రాముల పైన కాస్త. అదే మందం 2 మిల్లీమీటర్లయితే దాదాపు 11 గ్రాములు. అర మిల్లీమీటరుకు బరువు 1.8 రెట్లైంది. ఇది అందరూ చూసే లెక్క. వంపును ఎదిరించే బిగువు మాత్రం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే ఇక్కడ 3.2 రెట్లు. బరువు పెరిగినదాని కన్నా బిగువు చాలా ఎక్కువ పెరిగింది. అందుకే సన్న గాజులు నాలుగు కొనే బరువులో రోజువారీకి మందం గాజులు రెండే కొనుక్కోవడం మేలు. నాలుగు ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి కూడా.

బోలు గాజుల సంగతి వేరు. పైకి 4 మిల్లీమీటర్లు కనిపించే గొట్టం, గోడ పావు మిల్లీమీటరు ఉన్నది తీసుకుంటే బరువు పదిన్నర గ్రాములు, ఇందాకటి 2 మిల్లీమీటర్ల తీగ గాజుతో దాదాపు సమానం. వంపుకు ఆరున్నర రెట్లు గట్టిగా నిలుస్తుంది కూడా. కానీ ఆ పావు మిల్లీమీటరు గోడ గచ్చుకు తగిలితే నొక్కు పడుతుంది. పడ్డ నొక్కు లోపల్నించి తీయడానికి దారి ఉండదు. ఫంక్షన్‌కు బోలుది, పనిలోకి గట్టిది అన్నది పాత కంసాలుల మాట కాకపోయినా నేను నమ్మే మాట.

రాళ్లు లేని బ్రాస్‌లెట్ కావాలంటే 18 క్యారెట్లదీ ఆలోచించండి. అందులో బంగారం 75 శాతం, 22లో 91.6 శాతం. రాగి, వెండి పాలు ఎక్కువుండటం వల్ల 18 గట్టిగా ఉంటుంది, సన్న లంకెలు త్వరగా అరగవు. మనవైపు 18 అంటే తక్కువ రకం అన్న అభిప్రాయం ఉంది. దాచుకునే బంగారానికి అది సబబే. రోజూ రాపిడి తగిలే గొలుసుకు మెత్తని లోహం ఎందుకు ఇష్టపడాలో నాకు అర్థం కాదు.

గొలుసు బ్రాస్‌లెట్ తెగే చోటు గొలుసు కాదు, కొక్కెం పక్కన ఉండే చిన్న రింగు. కొనేటప్పుడు ఆ రింగు అతుకు పెట్టి మూసిందో, నొక్కి వదిలేసిందో భూతద్దంతో చూపించమనండి. అతుకు పెట్టినదే తీసుకోండి. కొక్కెం ఒంటిచేత్తో పెట్టుకోలేకపోతే రోజూ వేసుకోరు. అది కూడా కొట్లోనే పెట్టి చూడాలి. మర కడియానికి సేఫ్టీ గొలుసు లేకుండా కొనొద్దు. వాచీ ఉన్న చేతికి బ్రాస్‌లెట్ వద్దు, స్టీలు ముందు 22 క్యారెట్లు గీతలు పడకుండా నిలవలేవు.

ఇక బిల్లు. కాసు, అంటే 8 గ్రాములు, గ్రాము ధర లెక్కకు సులువుగా 10,000 అనుకుందాం. బంగారం 80,000. పనితనం ఎక్కువున్న బ్రాస్‌లెట్‌కు తరుగు, మజూరీ కలిపి 12 శాతం పడితే 9,600. మొత్తం 89,600 మీద జీఎస్టీ 3 శాతం, 2,688. చేతినుంచి పోయేది 92,288. మర్నాడు అదే ధరకు అమ్మితే వచ్చేది మహా అయితే 80,000. అదే బరువు సాదా గాజుకు 5 శాతమే అయితే బిల్లు 86,520. రెండింటి మధ్య 5,768 రూపాయలు. రాళ్లుంటే వాటి బరువు తీసేశాకే బంగారం ధర కట్టాలి. బిల్లులో మొత్తం బరువు, నికర బరువు వేర్వేరుగా రాయించుకోండి.

2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద మూడు గుర్తులుండాలి: భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ముద్ర, 22కె916 లాంటి స్వచ్ఛత, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరూ కొడితే నగ రకం, స్వచ్ఛత కనిపిస్తాయి. యాప్‌లో 'గొలుసు' అని వచ్చి మీ చేతిలో కడియం ఉంటే అక్కడే ఆపండి. హాల్‌మార్క్ రుసుము వస్తువుకు 45 రూపాయలు, పైన పన్ను. బరువును బట్టి కాదు. 2 గ్రాముల లోపు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. ఇప్పుడు కాలేజీ పిల్లలు ఇష్టపడే సన్న బ్రాస్‌లెట్లలో కొన్ని సరిగ్గా ఆ లోపే ఉంటాయి, అయినా అడగండి. ముద్ర ఉండీ స్వచ్ఛత తగ్గిందని తేలితే, తగ్గిన విలువకు రెట్టింపూ పరీక్ష ఖర్చూ అమ్మినవాళ్లు ఇవ్వాలని 2018 నాటి బీఐఎస్ నిబంధనలు చెబుతున్నాయి. బిల్లు పారేసుకోవద్దు.

బంగారం వద్దనుకునేవాళ్లకు బందరు దగ్గరి చిలకలపూడి రోల్డ్ గోల్డు ఉంది. లోపల రాగో ఇత్తడో, పైన పూత. మే నెల చెమటకు పూత పోయిన చోట చర్మం మీద పచ్చమరక రాగివల్ల వస్తుంది, కడిగితే పోతుంది. దురద, దద్దురు వస్తే మాత్రం నికెల్‌ను అనుమానించాలి. ఐరోపా సమాఖ్య చర్మానికి ఎక్కువసేపు తగిలి ఉండే వస్తువుల నుంచి చదరపు సెంటీమీటరుకు వారానికి 0.5 మైక్రోగ్రాము మించి నికెల్ రాకూడదని హద్దు పెట్టింది. చెవికమ్మలతో దురద వచ్చినవాళ్లు చేతికీ నికెల్ లేనిదే కొనుక్కోవాలి.

మన ఊళ్లో ఆవకాయ రోజుల్లో ఇంకొకటి. మెలిక గొలుసు సందుల్లో కారం, నూనె చేరి కూర్చుంటాయి, ఆ చేత్తో కన్ను తుడుచుకుంటే తెలుస్తుంది. కారంలోని ఘాటు నీళ్లలో కరగదు. గోరువెచ్చని సబ్బునీళ్లలో పది నిమిషాలు ఉంచి, మెత్తటి టూత్‌బ్రష్‌తో లంకెల మధ్య రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. బ్లీచింగు కలిపిన నీళ్లు దగ్గరికి రానివ్వొద్దు, క్లోరిన్ ముందు అతుకుల్నే తింటుంది. తుడిచేటప్పుడే కొక్కెం పక్క రింగును గోటితో లాగి చూడండి. సందు కనిపిస్తే ఆ రోజు నుంచే వేసుకోవడం ఆపి అతుకు పెట్టించండి.