150 కిలోమీటర్లు.. ఒక్క పెట్రోలు బంకు లేదు!

పని, గది, నిద్ర.. న్యూజిలాండ్ వచ్చి మూడేళ్ళయినా మాకు తెలిసిన దేశం ఇంతే. హామిల్టన్‌లో పోసిన ప్రతి స్లాబూ గుర్తుంది గానీ, ఊరు దాటితే ఏముందో తెలీదు. 2025 మార్చిలో ఆ లోటు తీర్చుకున్నాం. నలుగురం కలిసి క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని తారనాకి కొండ చుట్టూ తిరిగొచ్చాం.

నలుగురం అంటే.. స్టీలు కట్టే శ్రీకాకుళం అన్న, గల్ఫ్‌లో ఎనిమిదేళ్ళు చేసి వచ్చిన జగిత్యాల కార్పెంటర్ బావ, క్రేన్ నడిపే ఖమ్మం తమ్ముడు, సివిల్ డిప్లొమాతో సూపర్‌వైజర్‌గిరీ వెలగబెడుతున్న ఇంకొకరు.

ముందు కాగితం మీద

సైట్‌లో బార్ చార్టు లేనిదే పని మొదలుపెట్టం. టూరుకీ అలాగే వేశాం. ఇక్కడ క్రిస్మస్‌కు సైట్లన్నీ మూతపడతాయి, సెలవులూ ఎక్కువే. కానీ అప్పుడు బండ్ల అద్దె మండిపోతుంది. అందుకే మార్చి మొదట్లో రెండు రోజులు సెలవు పెట్టి శని, ఆదివారాలు కలుపుకున్నాం.

దారి ఇలా గీసుకున్నాం. మొదటి రాత్రి తౌమరునుయి అనే చిన్న ఊళ్ళో మకాం. మర్నాడు అక్కడి నుంచి స్ట్రాట్‌ఫర్డ్ దాకా 43వ నంబరు హైవే. దీన్ని 'ఫర్గాటెన్ వరల్డ్ హైవే' అంటారు. లోకం మరచిపోయిన రోడ్డన్నమాట! సుమారు 150 కిలోమీటర్లు. మధ్యలో పెట్రోలు బంకు లేదు. ఫోన్ సిగ్నల్ చాలా దూరం అందదు. మూడో రోజు కొండ చుట్టూ, నాలుగో రోజు ఇంటికి.

అంతా కుదిరిందనుకున్నాక అన్న చల్లగా చెప్పాడు. వాళ్ళమ్మకి విశాఖలో తుంటి ఎముక ఆపరేషన్. సరిగ్గా మేం ఆ హైవే మీదుండే రోజే. "నేను రాలేనురా, మీరెళ్ళండి" అన్నాడు. గదిలో ఎవ్వరం మాట్లాడలేదు.

చివరికి బావే చార్టు మళ్ళీ ముందేసుకున్నాడు. ఆపరేషన్ మన టైము ఉదయం 10 గంటలకు. మార్చిలో న్యూజిలాండ్ గడియారం ఏడున్నర గంటలు ముందుంటుంది. అంటే ఇక్కడ సాయంత్రం ఐదున్నర. ఆగకుండా నడిపితే ఆ రోడ్డు మూడు గంటల పని. పొద్దున తొమ్మిదికి బయల్దేరితే ఎంత ఆగినా నాలుగుకల్లా స్ట్రాట్‌ఫర్డ్‌లో ఉంటాం. "ఐదింటికి నీ చేతిలో సిగ్నల్ పెట్టే పూచీ మాది, సరేనా అన్నా?" అన్నాడు. అన్న ఒప్పుకున్నాడు. ఆ క్షణం నుంచి ఆ టూరు మా అందరికీ పరీక్షయి కూర్చుంది.

మరచిపోయిన రోడ్డు మీద

తౌమరునుయిలో ట్యాంకు నిండా కొట్టించాం. అన్న చెల్లెలికి ఫోన్ చేసి, ఐదింటిదాకా దొరకనని చెప్పాడు. అక్కడ్నుంచి మొదలు.. మెలికలే మెలికలు. గొర్రెలు మేసే పచ్చటి గుట్టలు, అడవి, ఎక్కడో ఒక ఇల్లు. రోడ్డు పని తెలిసినవాళ్ళం కాబట్టి మా కళ్ళు గట్ల మీదే ఉన్నాయి. మెత్తటి మట్టి కొండలు, వాన పడితే జారతాయి. తంగరకౌ లోయలో సుమారు 12 కిలోమీటర్లు గులక రోడ్డుండేదట. దానికి తారు వేసే పని ఇటీవలి ఏళ్ళలోనే జరిగింది.

ఆ లోయలోనే రోడ్డు పక్కన చిన్న బోర్డు చూసి ఆగాం. జాషువా మోర్గాన్ అనే సర్వేయర్ సమాధి అది. ఈ దారికి సర్వే చేస్తూ జబ్బుపడి, 1893లో ఆ అడవిలోనే చనిపోయాడు. ముప్పైల వయసు. అంటే మా ఈడువాడే. లెవెల్ యంత్రం పట్టుకుని వచ్చినవాడు, తను గీసిన దారి మీద బండి నడవడం చూడకుండానే పోయాడు. అన్న టోపీ తీసి చాలాసేపు నిలబడ్డాడు. ఏం ఆలోచిస్తున్నాడో మేం అడగలేదు.

ఈ దారి పక్కనే రైలు మార్గం కూడా ఉంది. 1930ల మొదట్లో పూర్తయిన ఆ లైనులో 24 సొరంగాలు. దాన్ని వేసే రోజుల్లో తంగరకౌలో వెయ్యి మందికి పైగా ఉండేవారు. పని అయిపోయింది, జనం పోయారు. 2009 నుంచి రైళ్ళూ లేవు. "మన లేబర్ క్యాంపు లాగే" అన్నాడు బావ.

తర్వాత మోకీ సొరంగం. 1936 నాటిది, 180 మీటర్లు, ఒక్క బండే పడుతుంది. అది దాటాక మట్టి జారిన చోట పని జరుగుతోంది. 'స్టాప్' పలక పట్టుకున్నతను ఆపేశాడు. ఐదు నిమిషాలు, పది, నలభై! రోజూ జనాన్ని ఆపేది మేమే. ఆగితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. అన్న గడియారం చూడ్డం మానేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఫంగమోమోనా అనే ఊరు చేరేసరికి రెండున్నర. ఈ ఊరి కథ తమాషా. 1989లో సర్కారు జిల్లాల హద్దులు మార్చి తమను తారనాకి నుంచి వేరే ప్రాంతంలో కలిపిందని అలిగి, 'మేం వేరే దేశం' అని ప్రకటించుకున్నారు. ఒకసారి మేకను కూడా అధ్యక్షుణ్ణి చేశారు! హోటల్లో పాస్‌పోర్టు అమ్ముతారు. ఏజెంటు లేడు, మెడికల్ లేదు, వెయిటింగ్ లేదు. మన జీవితంలో ఇంత తేలిగ్గా దొరికిన పాస్‌పోర్టు ఇదొక్కటే. తమ్ముడు కొనుక్కున్నాడు.

అక్కడ పులిహోర తిని కదిలాం. స్ట్రాట్‌ఫర్డ్ పొలిమేరకు వచ్చేసరికి అన్న ఫోన్ టింగు టింగుమని మోగడం మొదలైంది. నాలుగూ యాభై! బండి పక్కకు తీశాం. అన్న దిగి దూరంగా వెళ్ళి, ఇంకా లోపలికి తీసుకెళ్ళని అమ్మతో మాట్లాడొచ్చాడు. ఎదురుగా మబ్బులో కొండ కనపడనే లేదు. ఎవరికీ దాని ధ్యాసా లేదు. రాత్రి తొమ్మిదింటికి చెల్లెలు ఫోన్.. ఆపరేషన్ బాగా జరిగిందని. అప్పుడు స్టవ్ వెలిగించి పప్పు పెట్టాం.

కొండ చుట్టూ

పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా కొండ! 2,518 మీటర్లు, ధాన్యపు రాశి పోసినట్టు నున్నగా. ఇదొక నిద్రపోతున్న అగ్నిపర్వతం. 1770లో కెప్టెన్ కుక్ ఎగ్మాంట్ అని పేరు పెట్టినా, మావోరీలకు అది పూర్వీకుడు. 2025 జనవరిలో పార్లమెంటు దానికి మనిషితో సమానంగా చట్టపరమైన హక్కులిచ్చింది. శిఖరం కొస మీద నిలబడొద్దని వాళ్ళు కోరతారు. కొండను దేవుడిగా చూసే మనకు ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

హావెరా మీదుగా 45వ నంబరు రోడ్డెక్కాం. ఒకవైపు సముద్రం, ఒకవైపు కొండ. పడమటి వైపు పరిహాక ఊరు ఉంది. లాక్కున్న భూముల్లో సర్వే మొదలైతే, 1879లో అక్కడి జనం చెయ్యెత్తకుండా సర్వేయర్లను పంపేసి, ఆ నేలను నాగళ్ళతో దున్నారు. 1881 నవంబరు 5న సైన్యం వస్తే పిల్లలు పాటలతో ఎదురెళ్ళారు. మన ఉప్పు సత్యాగ్రహానికి 49 ఏళ్ళ ముందు! 2017లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. అది జనం నివసించే ఊరు, చూడ్డానికి వెళ్ళే చోటు కాదని మేం బయటి నుంచే దండం పెట్టుకున్నాం. మేం రోజూ పాతే పెగ్గు కింద ఎవరి నేల ఉందో అని మొదటిసారి అనిపించింది.

ఓపునాకే బీచ్‌లో అన్నం వండుతుంటే అమ్మే ఫోన్ చేసింది. "ఏటిరా, ఎక్కడున్నావ్?" "కొండ కాడున్నానమ్మా." "సింహాచలమా?" అన్న నవ్వాడు. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు.

మీరు వెళ్ళాలనుకుంటే..

వ్యాన్ 'సెల్ఫ్ కంటైన్డ్' సర్టిఫికెట్ చూసుకోండి. 2023 చట్టం ప్రకారం దానికి బిగించిన టాయిలెట్ ఉండాలి. డీజిల్ బండికి కిలోమీటరు లెక్కన రోడ్డు పన్ను పడుతుంది. అద్దెలో కలిపారో లేదో ముందే అడగండి. రైస్ కుక్కర్ బ్యాటరీ మీద నడవదు, ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్ళండి. ఒంటి వరస వంతెనల దగ్గర మీ వైపు ఎర్రటి చిన్న బాణం ఉంటే ఆగాల్సింది మీరే. చీకట్లో నడపొద్దు.

అన్నిటికంటే ముందు, ఇంటికి ఫోన్ చేసే గంట చార్టులో రాసుకోండి. మిగతా కిలోమీటర్లు దాని చుట్టూ సర్దుకోవచ్చు.