తలగుడ్డ చాలదా? హెల్మెట్‌పై పల్లెల్లో తర్జనభర్జన

వాల్మీకిపురం (మా విలేకరి): మదనపల్లె - పీలేరు రోడ్డు నాలుగు వరుసలయింది. లారీలు, కార్ల వేగం పెరిగింది. ఆ రోడ్డెక్కే పల్లె జనం మాత్రం ఏమీ మారలేదు. పాల క్యాన్లు కట్టుకున్న సైకిలు, పచ్చిగడ్డి మోపు వేసుకున్న మోపెడ్, ముందు ఒక బిడ్డను, వెనుక ఇద్దరిని ఎక్కించుకున్న మోటారు సైకిలు ఎప్పటిలాగానే వచ్చి పోతున్నాయి. తల మీద ఉంటే తలగుడ్డ, లేకుంటే అదీ లేదు. హెల్మెట్ ఉన్న చోట అది అద్దానికి వేలాడుతూనో, ట్యాంకు మీద కూర్చొనో ప్రయాణం చేస్తున్నది. దూరాన పోలీసు కనబడితేనే తలకెక్కుతున్నది.

జరిమానాలు పెరిగాక ఈ విషయం టీ అంగళ్ళ దగ్గర పెద్ద చర్చయింది. ఈరోజు బండికి అడిగినవారు రేపు సైకిలుకూ అడగరా అన్నది పలువురి అనుమానం. పొలం కాడికి పోయి వచ్చేదానికి ఇదంతా ఎందుకబ్బా అని పెద్దవారు విసుక్కుంటున్నారు. ఎండలో ఉడికి చస్తామని కొందరు, వెనుక వచ్చే లారీ హారన్ వినపడదని కొందరు, జుట్టు రాలిపోతుందని కుర్రవారు కారణాలు చెబుతున్నారు. రాత పెట్టి ఉంటే హెల్మెట్ ఆపుతుందా అనేవారు సరేసరి.

చట్టం ఏమంటున్నది?

మొదట అనుమానం తీర్చుకోవడం మేలు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షన్ మోటారు సైకిలు నడిపేవారికీ, వెనుక కూర్చునేవారికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు ఉంది. మన తలగుడ్డకు లేదు. 2019 సవరణ ప్రకారం హెల్మెట్ లేకుంటే రూ.1,000 జరిమానా, పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. నాలుగేళ్ళు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ ఉండాలి. వెనుక పక్కవాటుగా కూర్చునే ఆడవారికీ ఇదే చట్టమని చాలామందికి నేటికీ తెలియకపోవడం విచారకరం.

సైకిలు మోటారు వాహనం కాదు. సైకిలు తొక్కేవారు హెల్మెట్ పెట్టుకోవాలని ఈ చట్టంలో ఎక్కడా లేదు. కాబట్టి ఆ భయం అక్కరలేదు. అయితే వెనుకటి రోజుల్లో సైకిలుకు డైనమో లైటు లేకపోయినా, డబుల్స్ తొక్కినా పోలీసులు పట్టుకొని జరిమానా వేసిన సంగతి మన పెద్దలు మరిచిపోలేదు. ఆ లైటు సంగతికి మళ్ళీ వద్దాం.

2024 జూన్‌లో హెల్మెట్ నిబంధనను గట్టిగా అమలు చేయాలని రాష్ట్ర హైకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత మూడు నెలల కాలంలోనే హెల్మెట్ లేక 667 మంది చనిపోయినట్టు డిసెంబరులో కోర్టు ముందుకు లెక్క వచ్చింది. న్యాయమూర్తులు పోలీసులను గట్టిగానే నిలదీశారు. దేశం మొత్తం మీద 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతున్నది. వారిలో 14 వేలకు పైగా వెనుక కూర్చున్నవారే. అదే ఏడాది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన సైకిలువారు 4,800కు పైనే. వీరి గురించి మాట్లాడేవారు తక్కువ.

టమోటా గంప, మనిషి తల

హెల్మెట్ ఏం చేస్తుందన్నది మన ప్రాంతం రైతుకు వేరే చెప్పనక్కరలేదు. ప్లాస్టిక్ బాక్సులు రాకముందు మదనపల్లె మండీకి టమోటా గంపల్లో పోయేది. అడుగున వరిగడ్డి వేయనిదే గంప కట్టేవారు కాదు. బండి కుదుపు ఆ గడ్డి తినేది, కాయ నిలిచేది. హెల్మెట్ లోపలి థర్మకోల్ చేసే పనీ అదే. దెబ్బకు అది నలిగిపోతుంది. అది నలిగేంతసేపు తల ఒక్కసారిగా ఆగకుండా కాస్త నిదానంగా ఆగుతుంది. పై చిప్ప రాపిడిని ఆపుతుంది, దెబ్బను ఒకచోటే పడకుండా పరుస్తుంది. ప్రాణం కాపాడేది లోపలి థర్మకోల్. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపల నలిగే ఉంటుంది. దాన్ని మళ్ళీ వాడరాదు. రోడ్డు పక్కన రెండు మూడు వందలకు దొరికేవాటిలో చాలావాటికి ఈ థర్మకోలే ఉండదు. అవి జరిమానా తప్పించుకోవడానికే గాని తలకు కాదు. 2021 జూన్ నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం కూడా నేరం. గడ్డం కింద పట్టీ బిగించకపోతే ఎంత ఖరీదు హెల్మెట్ అయినా మనిషి కంటే ముందే ఎగిరిపోతుంది.

మెల్లగానే పోతున్నాం, మాకేం అవుతుందనే మాట సైకిలువారి నోట ఎక్కువగా వినిపిస్తుంది. ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. సైకిలు మీద కూర్చున్నవాని తల నేలకు సుమారు ఐదడుగుల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు నుంచి ఏది పడినా నేలను తాకేసరికి దాని వేగం గంటకు 19, 20 కిలోమీటర్లు ఉంటుంది. సైకిలు నిలబడి ఉన్నా అంతే. యూరపు దేశాల్లో సైకిలు హెల్మెట్‌ను దాదాపు ఈ వేగం దగ్గరే పరీక్ష చేస్తారు. అంటే జారిపడితే అది కాపాడుతుంది. అరవై మీద వచ్చే లారీ గుద్దితే దాని మీద అంత ఆశ పెట్టుకోలేము.

లోకంలోనూ ఇదే తగవు

ఈ తగవు మన టీ అంగడిలోనే కాదు, దేశదేశాల్లో ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990 జూలైలో సైకిలువారికి హెల్మెట్ తప్పనిసరి చేసింది. లోకంలో ఇలాంటి చట్టం అదే మొదటిది. న్యూజిలాండ్ 1994లో అదే దారి పట్టింది. తలలకు హెల్మెట్లు వచ్చాయి గాని, సైకిళ్ళు తొక్కే పిల్లల సంఖ్య తగ్గిపోయింది. హెల్మెట్ బెడదకు సైకిలే మానేస్తే ఏం లాభమని అక్కడివారు నేటికీ వాదులాడుకుంటున్నారు. నెదర్లాండ్స్‌లో ముసలీముతకా అందరూ సైకిలు తొక్కుతారు, హెల్మెట్ పెట్టుకునేవారు బహు తక్కువ. అయితే వారికి సైకిలు కోసమే వేరే దారులు వేసి ఉన్నాయి.

పరిశోధకుల లెక్కలు కూడా ఒకటిగా లేవు. 1989లో అమెరికాలోని సియాటిల్ డాక్టర్లు సైకిలు హెల్మెట్ తల గాయాలను 85 శాతం తగ్గిస్తుందన్నారు. తర్వాత ఎన్నో అధ్యయనాలను ఒకచోట చేర్చి 2016లో చూస్తే సగం వరకు తగ్గుతుందని, తీవ్రమైన గాయాల్లో అంతకంటే ఎక్కువ మేలు ఉందని తేలింది. మోటారు సైకిలు విషయంలో ఇలాంటి వాదనకు తావే లేదు. హెల్మెట్ చావు ముప్పును 42 శాతం, తల గాయాలను 69 శాతం తగ్గిస్తుందని 2008లో వెలువడిన సమీక్ష చెప్పింది.

అసలు హెల్మెట్ కథ మొదలైందే ఒక మోటారు సైకిలు, రెండు సైకిళ్ళ మధ్య. ఇంగ్లండులో లారెన్స్ అనే పేరుమోసిన సైనికుడు 1935 మే నెలలో సైకిళ్ళ మీద పోతున్న ఇద్దరు పిల్లలను తప్పించబోయి బండి మీది నుంచి పడ్డాడు. తలకు దెబ్బ. ఆరు రోజులకు చనిపోయాడు. ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ ఒకరు. ఆ చావు ఆయన మనసులో నిలిచిపోయింది. సైన్యంలో మోటారు సైకిళ్ళ మీద ఉత్తరాలు మోసేవారి తల గాయాలపై పని చేసి 1941లో వ్యాసం ప్రచురించారు. ఆ ఏడాదే సైన్యం హెల్మెట్ తప్పనిసరి చేసింది. అక్కడి మామూలు జనానికి అది చట్టమయ్యేసరికి 1973 వచ్చింది. మనవారు ఆలస్యం చేస్తున్నారని అనుకునేవారు ఇది గమనించాలి.

మనకు తెలిసిన సంగతీ ఒకటుంది. సినిమా నటుడు సాయి ధరమ్ తేజ్ 2021 సెప్టెంబరులో హైదరాబాదులో బండి జారి పడ్డారు. కొన్నాళ్ళు స్పృహ లేదు. తలకు హెల్మెట్ ఉంది. బతికి వచ్చి, మళ్ళీ సినిమాలు చేస్తున్నారు.

'ఏమీ కాలేదు' అన్నవాడే ప్రమాదంలో

తలకు దెబ్బ తగిలినవాడు చాలాసార్లు తానే లేచి కూర్చుంటాడు. గుడ్డ దులుపుకుంటాడు, ఏమీ కాలేదంటాడు. చుట్టూ ఉన్నవారు సోడా తాగించి ఇంటికి పంపుతారు. ఇంటికి పోయి పడుకుంటాడు. ఒక్కోసారి పుర్రె లోపల నరం తెగి రక్తం మెల్లగా చేరుతూ ఉంటుంది. మనిషి నిద్రపోతున్నాడనుకుంటారు, అతనికి స్పృహ పోయి ఉంటుంది. దెబ్బ తగిలాక వాంతి అయినా, మగతగా ఉన్నా, మాట తడబడినా, ఒక కంటిపాప పెద్దదై కనిపించినా, చెవి నుంచో ముక్కు నుంచో రక్తం గాని నీరు గాని కారినా క్షణం ఆలస్యం చేయరాదు. నోట్లో నీళ్ళు పోయరాదు, మెడ వంచి ఎత్తరాదు. 108కు ఫోన్ చేయాలి. తలకు పెద్ద దెబ్బ అయితే తిరుపతి దాకా పోవలసి రావచ్చు. ఇక్కడి నుంచి అది భాకరాపేట కనుమ దాటి తొంభై, వంద కిలోమీటర్లు. ఇంట్లో పడుకోబెట్టి పోగొట్టుకున్న రెండు గంటలు ఆ దారిలో మళ్ళీ దొరకవు. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవారిపై కేసు పెట్టరాదని 2019 సవరణలో (134-ఎ సెక్షన్) స్పష్టంగా ఉంది. పోలీసుల చుట్టూ తిరగాల్సి వస్తుందని వెనకాడనక్కరలేదు.

ముందు లైటు, తర్వాత హెల్మెట్

ఈ విలేకరికి తోచినంతవరకు పాలు పోసుకొని బతికే సైకిలువానిని హెల్మెట్ కొనమని చట్టం చేయడం న్యాయం కాదు. అతని ప్రాణానికి ముప్పు ఎక్కువగా వెనుక నుంచి వస్తున్నది. చీకట్లో అతను కనబడకపోవడమే దానికి మూలం. వెనుక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టర్, ముందొక లైటు, ఇవి హెల్మెట్ కంటే చవక. బడి పిల్లల సంగతి వేరు. వారు పడతారు, మళ్ళీ మళ్ళీ పడతారు. 2019కి ముందు 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు. మళ్ళీ ఎప్పుడైనా సైకిలు ఇస్తే దానితోపాటు హెల్మెట్ కూడా ఇవ్వవచ్చును. నాలుగేళ్ళలోపు పిల్లలను మోటారు సైకిలు మీద తీసుకుపోయేటప్పుడు హెల్మెట్, నడుముకు పట్టీ ఉండాలని, వేగం 40 దాటరాదని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. ప్రమాణాల ప్రకారం చేసిన సైకిలు హెల్మెట్ అయినా ఆ పసివారికి సరిపోతుందని అందులోనే ఉంది. మోటారు సైకిలు నడిపే పెద్దవారికి మాత్రం ఇంకే సాకూ లేదు.

టమోటా దిగుబడి రోజుల్లో వెనుక లైటు లేని ట్రాక్టర్లు, రోడ్డు అంచున ఆపి బాక్సులు ఎక్కించుకునే మినీ లారీలు ఈ దారిలో రాత్రంతా ఉంటాయి. హెల్మెట్ తనిఖీకి పగలు కూడలిలో నిలబడే పోలీసు, రవాణా అధికారులు ఒక రాత్రి వాటి వెనుక కూడా నిలబడి, ట్రాలీలకు రిఫ్లెక్టర్ స్టిక్కర్లు వేయించాలని ఈ ప్రాంత సైకిలువారు కోరుతున్నారు.