పండుగనాడు పొయ్యికి సెలవు

డిసెంబరు రాగానే బ్రిటన్ పత్రికల ముఖచిత్రాల మీద ఒకటే బల్ల దర్శనమిస్తుంది. ఇస్త్రీ మడత చెదరని తెల్లని గుడ్డ, మధ్యలో కొవ్వొత్తులు, ఎర్రపళ్ల హాలీ కొమ్మలు, వరుస తీర్చిన ఫోర్కులు, ప్రతి పళ్లెం పక్కన చెరో వైపు లాగితే టప్పున చిరిగే కాగితపు క్రాకర్, ఇంట్లోనే చేశామని చెప్పుకునే కేకు. పొయ్యి దగ్గర చెమటలు కక్కుతున్న మనిషి మాత్రం ఆ ఫొటోలో ఎప్పుడూ కనిపించదు. ఈ దేశంలోని తెలుగువాళ్లకు ఆ బల్ల పరాయిదేం కాదు. ఈస్ట్‌హామ్, హౌన్స్‌లో, స్లౌ, రెడింగ్, మిల్టన్ కీన్స్... ఎక్కడ మన కుటుంబాలున్నా చుట్టపక్కాలు, స్నేహితులు తీరిగ్గా కలిసేది ఆ నాలుగు రోజుల్లోనే. తెలుగు క్రైస్తవులకు అది సొంత పండుగ, సెమీ క్రిస్మస్‌లతో చాలా ముందే మొదలవుతుంది. మిగిలినవాళ్లకు అందరికీ ఒకేసారి సెలవు దొరికే అరుదైన వారం. పిలుపులు తప్పవు, పాతికమందికి వండటమూ తప్పదు. ఆ రోజంతా వంటింట్లో నలిగిపోవడం కూడా తప్పదా అంటే, అది మాత్రం తప్పించుకోవచ్చు. ఇంగ్లిషువాళ్ల పండుగ వంటలైనా, మన పిండివంటలైనా చాలావరకు వారాల ముందు చేసి దాచుకునేవే. ఆ సంగతి మరిచి, అంతా ఆ రోజే వేడివేడిగా దిగాలని పట్టుబట్టడం వల్లే అతిథుల రాక ఇంటివాళ్లకు శిక్షగా మారుతోంది.

క్రిస్మస్ పుడ్డింగ్‌నే తీసుకోండి. దాన్ని కలపడానికి ఇక్కడ ఏకంగా ఒక రోజే ఉంది: స్టర్ అప్ సండే. క్రిస్మస్‌కు ఎదురుచూసే ఆడ్వెంట్ కాలం మొదలయ్యే ఆదివారానికి సరిగ్గా వారం ముందు, అంటే నవంబరు 20, 26 తేదీల మధ్య వస్తుంది. ఆ రోజు ఆంగ్లికన్ చర్చిల్లో చదివే ప్రార్థన మొదటి మాటలే దానికి పేరయ్యాయి. ఆనవాయితీ ప్రకారం ఏసుకీ, పన్నెండుమంది శిష్యులకీ గుర్తుగా 13 దినుసులు పడాలి. ఇంట్లో పసిపిల్లలతో సహా అందరూ ఒకరి తర్వాత ఒకరు గరిటె పట్టి, ఏసును చూడటానికి జ్ఞానులు వచ్చిన దారిని తలుచుకుంటూ తూర్పు నుంచి పడమరకు తిప్పాలి. ఎవరి ముక్కలో పడితే వాళ్ల అదృష్టం అంటూ ఒక వెండి నాణెం కూడా వేసేవారు. ఎండుద్రాక్ష, బ్రెడ్ పొడి, కొవ్వు, గుడ్లు, మసాలాలు, బ్రాందీ కలిసిన ఆ ముద్దను పింగాణీ గిన్నెలో నింపి, వెన్న రాసిన కాగితాన్ని నడిమధ్య ఒక మడత పెట్టి మరీ కప్పుతారు. ఆవిరికి ముద్ద పొంగినప్పుడు కాగితం చిరగకుండా విచ్చుకోవడానికి ఆ మడత. అంచు చుట్టూ పురికొస బిగించి, దాంతోనే పైన ఒక పిడి కడతారు, మరిగే నీళ్లలోంచి గిన్నెను ఎత్తడానికి. సుమారు 8 గంటలు ఆవిరి మీద ఉడికాక కొత్త కాగితం కట్టి చల్లని అలమరలో పెడితే నెలరోజులు దాని జోలికి పోనక్కర్లేదు. పండుగనాడు మరో 2 గంటలు ఆవిరి చూపించి, వెచ్చని బ్రాందీ పోసి అంటిస్తే నీలిమంటతో బల్ల మీదికి వస్తుంది. ఎండుపళ్లు, చక్కెర, మద్యం దాన్ని చెడిపోకుండా కాపాడతాయి, నిల్వలో రుచి ఇంకా చిక్కబడుతుంది. క్రిస్మస్ కేకుదీ, మిన్స్ పైలలో పెట్టే పళ్ల పూర్ణానిదీ ఇదే లెక్క.

అరిసె సంగతీ అంతే. నానిన బియ్యం వడగట్టి, తడి ఆరకముందే పిండి పట్టుకుని, పాకంలో పోసి చలిమిడి చేస్తాం. పాకం బొట్టును చల్లటి నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య ఉండ కట్టాలి. లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, మరీ ముదిరితే పళ్లకు పరీక్ష. నువ్వులద్ది, వేయించి, రెండు చెక్కల మధ్య నొక్కి నూనె పిండేస్తే డబ్బాలో రెండు వారాలు సులువుగా నిలుస్తుంది. కజ్జికాయలు, జంతికలు, సున్నుండలు కూడా నిల్వకు పుట్టినవే. సంక్రాంతికి పదిరోజుల ముందు ఊళ్లో పొయ్యిలు వెలిగేది, ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒక ఇంట చేరి వంతులవారీగా వండుకునేది అందుకే. బ్రిటన్‌లో ఈ నిల్వగుణానికి అదనపు విలువ ఉంది. సంక్రాంతికి ఇక్కడ సెలవు లేదు, శనాదివారాల్లో పడితే తప్ప. క్రిస్మస్ సెలవుల చివర్లో వండిన అరిసెలు జనవరి 14 దాకా వస్తాయి. రెండు పండుగలకూ ఒకే సెలవులు సరిపెట్టుకోగలిగిన వెసులుబాటు ఇది. కోస్తా ఆంధ్రలో క్రిస్మస్‌కు కూడా అరిసెలు, కజ్జికాయలు వండే ఇళ్లకు ఇందులో కొత్తేమీ లేదు.

ఇక్కడి చట్టాలు కూడా ముందుచూపు లేనివాణ్ణి ఇబ్బంది పెడతాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లకు మించిన దుకాణాలు క్రిస్మస్ రోజున తెరవకూడదని 2004 నాటి చట్టం. లండన్‌లో ఆ రోజు ట్యూబ్ రైళ్లుండవు, బస్సులుండవు. కొత్తిమీర మరిచిపోయామని ఎవరినీ పరుగెత్తించలేం. పొద్దు నాలుగింటికే వాలిపోతుంది కాబట్టి అతిథులు మధ్యాహ్నానికే దిగుతారు. తెల్లవారి లేచి మొదలుపెడదామనుకుంటే సమయం ఎలాగూ చాలదు.

అన్నీ దుకాణాల్లో దొరుకుతుంటే ఇంట్లో చేయడం దేనికి అని ఒక పక్షం. ఇంటి వంటంటే అంతా మన చేత్తోనే చేయాలి, కొన్నది పెడితే మర్యాద కాదు అని మరో పక్షం. రెంటికీ చరిత్రలో ఒకే జవాబుంది. ఇంగ్లిషు ఇంటి పండుగకు నమూనాగా అందరూ చూపించేది 1843లో డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కరోల్’లోని క్రాచిట్ కుటుంబం. ఆ పేదింటి పెద్దబాతు కాలింది ఇంట్లో కాదు, బేకరీ పొయ్యిలో. అంత పొయ్యి లేని ఇళ్లు నాడు అలాగే చేసేవి. పుడ్డింగ్ మాత్రం ఇంట్లోనే, బట్టలుడికించే రాగి కాగులో ఉడికింది. ఒకటి బయట, ఒకటి ఇంట. 1845లో ఎలిజా ఆక్టన్ వంట పుస్తకంలో ‘క్రిస్మస్ పుడ్డింగ్’ పేరుతో తయారీ అచ్చయింది, 1861 నాటి ఇసబెల్లా బీటన్ పుస్తకం ఇంటింటికీ చేరింది. తరతరాల ఇంటి వంట అనుకునేది చాలావరకు అచ్చు పుస్తకాల్లోంచి వచ్చిందే. 1927లోనైతే ఎంపైర్ మార్కెటింగ్ బోర్డు రాజుగారి వంటవాడి పుడ్డింగ్ తయారీ తెప్పించి, ఎండుద్రాక్ష ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలది, ఆపిల్ కెనడాది, దాల్చినచెక్క సిలోన్‌ది, లవంగం జాంజిబార్‌ది, మసాలా పొడి ఇండియాది అంటూ సామ్రాజ్యమంతటినీ ఒక గిన్నెలో కలిపి ప్రచారం చేసింది. ఇంటి వంట అన్న మాటకు అంత పవిత్రత లేదు. అలాగని అంతా కొనేస్తే పండుగకూ, మామూలు ఆదివారానికీ తేడా ఉండదు. తేలేది ఒకటే: నిల్వ ఉండే ఒకటి రెండు రకాలు ఇంట్లో చేసుకోవాలి, మిగతావి సిగ్గుపడకుండా కొనుక్కోవాలి, లేదా వచ్చేవాళ్లతో తెప్పించుకోవాలి.

బల్ల అలంకరణకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది. ముఖచిత్రాల్లో కనిపించే ఆ సర్దుబాటు 19వ శతాబ్దంలో బ్రిటన్ సంపన్నులు అలవరచుకున్న రష్యన్ వడ్డన పద్ధతి నుంచి వచ్చింది. అంతకుముందు వంటకాలన్నీ ఒకేసారి బల్ల మీద పరిచి, అందినవాళ్లు అందించేవారు. కొత్త పద్ధతిలో ఒక్కో వంటకాన్ని పక్కబల్ల దగ్గర కోసి, నౌకర్లు మనిషి మనిషికీ వడ్డించడం మొదలైంది. దాంతో బల్ల నడిమి భాగం ఖాళీ అయింది, ఆ ఖాళీలోకి పూలు, పళ్లు, దీపస్తంభాలు చేరాయి. వంటకానికో ఫోర్కు, కత్తి వరుస కట్టాయి. నౌకర్లు పోయారు గానీ ఆ బొమ్మ మిగిలింది. బల్ల మధ్య అంతా పూలే పెట్టుకుంటే గిన్నెలు వంటింట్లోనే ఉంటాయి, వాటి వెనకే ఇల్లాలు ఉంటుంది. మన అరిటాకు బంతిని ఇక్కడ దించుదామనుకునేవాళ్లు కూడా ఇది ఆలోచించాలి. వడ్డించే మనుషులుంటేనే బంతి సాగుతుంది, ఆఖరి బంతిలో మిగిలేది ఆడవాళ్లే. నౌకర్లు లేని ఇంటికి పాత పద్ధతే మేలు: గిన్నెలు మధ్యలో, పూలు కిటికీలో. కొవ్వొత్తులు ఉండనివ్వండి, ఆ చీకటి మధ్యాహ్నాలకు వాటి అవసరం ఉంది. లండన్ మిఠాయి వ్యాపారి టామ్ స్మిత్ 1847లో కాగితంలో చుట్టిన మిఠాయిలతో మొదలుపెట్టిన క్రాకర్లు కూడా ఉండనివ్వండి, పిల్లలు ఒప్పుకోరు.

బల్ల మీద గుడ్డ విషయంలో మాత్రం మనవాళ్లు తెల్లదనానికి లొంగనక్కర్లేదు. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో గిడ్డంగి తెరిచింది. కోరమండల్ తీరపు అద్దకం గుడ్డలు ఇంగ్లిషు ఇళ్లలో పరుపులకు, తెరలకు, కుర్చీలకు ఎంతగా ఎక్కాయంటే, ఉన్ని, పట్టు నేతగాళ్ల గోల భరించలేక పార్లమెంటు 1721లో చట్టం చేసింది. 1722 డిసెంబరు 25 నుంచి అద్దకం నూలు గుడ్డను ఒంటిమీద గానీ, ఇంటి సామానులో గానీ వాడటం నేరం. క్రిస్మస్ రోజునే! ఆ నిషేధం 1774 దాకా సాగింది. ఒక కలంకారీ దుప్పటి పరిస్తే అది పరాయి అలంకారం అనిపించుకోదు, ఈ దేశపు పాత మోజే తిరిగొచ్చినట్టు. పసుపు, నూనె మరకలు అందులో కలిసిపోవడం అదనపు లాభం.

గట్టిగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ముందుగా చేయడమంటే ఒక రోజు చాకిరీని నెలరోజులకు సాగదీయడమే కదా, ఆ నెల కూడా ఆడవాళ్లదే కదా? న్యాయమైన అనుమానమే. మగవాళ్లకంటే ఆడవాళ్లు 60 శాతం ఎక్కువ జీతం లేని పని చేస్తున్నారని జాతీయ గణాంక కార్యాలయం 2016లో లెక్కగట్టింది. అయితే పండుగనాటి వంట పంచుకోవడం కష్టం. నాలుగు పొయ్యిలకూ వేళ తెలిసిన మనిషి ఒక్కరే ఉంటారు, మిగతావాళ్లు అడ్డం. ముందుగా చేసుకునే పని అలా కాదు. ఎండుపళ్లు తరగడం, పాకం చూడటం, చెక్కలతో నొక్కడం విడివిడి పనులు, వేళ తరమదు, మగవాళ్లు నేర్చుకోవడానికి సందుంటుంది. స్టర్ అప్ సండే ఆచారంలో గరిటె అందరి చేతికీ వెళ్లాలని ఉండటం ఊరికే కాదు. పనిని పంచకుండా ముందుకు జరిపితే మాత్రం ఆ ఆక్షేపణే నిజమవుతుంది.

అన్నీ ముందే చేస్తే వేడి అన్నం, వేడి కూర మాటేమిటి? టర్కీని వారం ముందు కాల్చలేం, నిజమే. పొయ్యికి పూర్తి సెలవు దొరకదు, సగం సెలవు దొరుకుతుంది. కాబట్టి ఏది ముందు, ఏది అప్పటికప్పుడు అన్నది తెలుసుకుని పెట్టుకోవాలి. పులిహోర పులుసు వారం ముందే చేసి సీసాలో పెట్టుకోవచ్చు, అన్నం మాత్రం ఆ రోజే వండాలి. వండిన అన్నాన్ని గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలని, ఒక రోజుకు మించి ఉంచొద్దని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ హెచ్చరిస్తుంది. గారెలు వేడిగా పెట్టాలంటే ఒకరు పొయ్యి దగ్గరే ఉండాలి, అదే పిండితో ముందురోజు ఆవడలు వేసి పెరుగులో నానిస్తే మర్నాటికి ఇంకా బాగుంటాయి. గోంగూర పచ్చడికి వయసు పెరిగితే నష్టం లేదు. పాతికమందికి దోసెలు, పూరీలు మాత్రం తలపెట్టొద్దు. అది ఆతిథ్యం కాదు, హోటల్ ఉద్యోగం.

అలంకరణలో నిజంగా ఖర్చుపెట్టాల్సిన శ్రద్ధ ఒక్కటుంది, దానికి పైసా అక్కర్లేదు. ప్రతి గిన్నె ముందు ఒక చిన్న చీటీ. బ్రిటన్ చట్టం ఎలర్జీ తెచ్చే ఆహారాలు 14 గుర్తించింది. వాటిలో నువ్వులు, వేరుశనగ, జీడిపప్పు, బాదం, పాలు, గోధుమలతో పాటు ఆవాలు కూడా ఉన్నాయి. మన పోపు, అరిసె, పల్లీ పచ్చడి, పాయసం అన్నీ ఆ జాబితాలోకి వస్తాయి. డబ్బా ఇంగువలో చాలాసార్లు గోధుమపిండి కలుస్తుందని మనకే గుర్తుండదు. నువ్వులున్నాయని రాయని శాండ్‌విచ్ తిని 2016లో 15 ఏళ్ల అమ్మాయి ప్రాణం పోయాక, ఆమె పేరిట నటాషా చట్టం 2021 అక్టోబరు నుంచి అమలైంది. అది అమ్మేవాళ్లకే గానీ, ఇంటికి పిలిచేవాళ్లకు ఆ బాధ్యత లేదని ఎవరంటారు? అటునుంచి కూడా జాగ్రత్త కావాలి. సంప్రదాయ పుడ్డింగ్‌లో, మిన్స్ పై పూర్ణంలో ఉండేది పశువుల కొవ్వు. గొడ్డుమాంసం ముట్టనివాళ్లకు, శాకాహారులకు తెలియక పెట్టడం దారుణం. కొవ్వు బదులు మొక్కల నూనెతో చేసినవి ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతాయి, ఇంట్లో వెన్నతోనూ చేసుకోవచ్చు. బ్రాందీ వద్దనుకునేవాళ్లు నారింజ రసం పోస్తే సరి, నిల్వకాలం మాత్రం తగ్గుతుంది.

ఈసారి అతిథులను పిలిచే ఫోన్‌లోనే రెండు మాటలు అడగండి: మీకు పడనివి ఏమిటి, మీరు తెచ్చేది ఏమిటి. నవంబరులో ఒక ఆదివారం ఇంటిల్లిపాదికీ ఖాళీ చేసుకోండి. పండుగనాడు కుర్చీలు లెక్కపెట్టేటప్పుడు వండినవాళ్లవి కూడా కలిపి లెక్కపెట్టండి, మొదటి బంతిలోనే.