మా పుస్తకాలకు మా ఇంటి వాసన

చిన్నప్పుడు బడిలో తోటి పిల్లాణ్ని ఒక మాట అన్నాను. ఆ మాట నాకు ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని మాన్పించింది ఎవరు? టీచరయ్యే చదువుకు వచ్చాక గానీ నాకు అర్థం కాలేదు... మెట్‌పల్లికి చెందిన ఒక బీఈడీ విద్యార్థి మనసులోని మాటలివి.

బీఈడీలో భాగంగా మమ్మల్ని కొన్నాళ్లు బడులకు పంపిస్తారు. పాఠాలు చెప్పాలి, నోట్సులు దిద్దాలి. అలా మెట్‌పల్లి దగ్గర ఒక ఊరి బడికి వెళ్లాను. ఏడో తరగతి తెలుగు నోట్సులు దిద్దుతుంటే, ఒక పుస్తకం తెరవగానే గుప్పున పౌడరు వాసన వచ్చింది. పేజీల మధ్య తెల్లగా పౌడరు చల్లి ఉంది. పిల్లల సరదా అనుకుని దులిపాను. పౌడరు పోయాక అసలు వాసన తెలిసింది. తంబాకు!

ఆ పుస్తకం ఒక అమ్మాయిది. రాత ముత్యాల్లా ఉంది. ఒక్క తప్పు లేదు. మరి పౌడరు ఎందుకు చల్లింది? ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనవసరం లేదు. వాళ్లింట్లో బీడీలు చేస్తారు. ఎవరో ముక్కు మూసుకుని ఉంటారు. ఎవరో ఒక మాట అని ఉంటారు. అలా అన్నవాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

'తంబాకు' అని పేరు పెట్టాను

2013లో నేను ఆరో తరగతి. మెట్‌పల్లి అప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో జగిత్యాల జిల్లాలోకి వచ్చింది. అటు ఆర్మూరు నుంచి ఇటు కోరుట్ల, జగిత్యాల దాకా ఈ దారిలో ఏ ఊళ్లో చూసినా చాలా ఇళ్లది ఒకటే కథ. మగవాళ్లు దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉంటారు. ఆడవాళ్లు అరుగు మీద బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. నానబెట్టిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మలుస్తారు. కట్టకు ఇరవై ఐదు. వెయ్యి బీడీలంటే నలభై కట్టలు. కూలి లెక్క వెయ్యికే.

మా బాపు నా చిన్నప్పుడే మస్కట్ వెళ్లాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా సబ్బులు, అత్తరు సీసాలు, దుప్పట్లు తెచ్చేవాడు. ఆరో తరగతి మొదట్లో నాకు కొత్త బ్యాగు వచ్చింది. తెరిస్తే సబ్బు వాసన. నా పక్కన కూర్చునే పిల్లాడి బ్యాగు పాత సంచి. తెరిస్తే తంబాకు వాసన. ఒకరోజు నేను ముక్కు మూసుకుని, "వీని దగ్గర బీడీల కంపు వస్తున్నది సారూ, నేను ఈడ కూసోను" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా నచ్చింది. మధ్యాహ్న భోజనానికి వరుసలో నిలబడేసరికి వాడికి 'తంబాకు' అని పేరు కూడా పెట్టాను.

వాడు ఏడవలేదు. తిరిగి ఒక మాట అనలేదు. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

మూడో రోజు ఆ పిల్లాడి అమ్మ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోతూ మా ఇంటి ముందు ఆగింది. "అక్కా, మీ పోరడు మావోణ్ని తంబాకు అంటున్నడట. బడికి పొమ్మంటే పోనంటున్నడు. నువ్వన్నా జెర చెప్పు" అంది. గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టు ఉంది.

మా అమ్మ చేతిలో చీపురు ఉంది. ఇక వీపు చిట్లుతుందనుకున్నాను. అమ్మ నన్ను కొట్టలేదు. చీపురు పక్కన పెట్టి, చాలాసేపు గడప మీద కూర్చుంది.

ఆ మాట అమ్మదే

ఎందుకు కొట్టలేదో తర్వాత ఎన్నో ఏళ్లకు అమ్మే చెప్పింది. బాపు మస్కట్ పోయి అప్పులు తీరేదాకా అమ్మ కూడా బీడీలు చేసింది. అప్పు తీరిన రోజు చాట అటక మీద పడేసి, వచ్చిన చుట్టాలతో సంతోషంగా అందట, "ఇయ్యాల్టితో మా ఇంటికి బీడీల కంపు వదిలింది" అని. ఆ తర్వాత కూడా నలుగురిలో ఆ మాట అనేది. అది ఆమె కష్టం తీరిన మాట. పక్కనే ఆడుకుంటున్న నాకు మాత్రం కష్టం కనబడలేదు. 'కంపు' ఒక్కటే వినబడింది. బీడీలు చేసేవాళ్లు మనకంటే తక్కువ అని అర్థమైంది. ఆ పిల్లాడిని నేనన్నది అమ్మ మాటే. నేను కొత్తగా కల్పించిందేమీ లేదు.

ఆ సాయంత్రం అమ్మ నన్ను వాళ్లింటికి తీసుకుపోయింది. క్షమాపణ చెప్పమంటుందనుకుని దారి పొడవునా మాటలు కూడబలుక్కున్నాను. అమ్మ అలాంటిదేమీ అనలేదు. ఆ పిల్లాడి అమ్మ పక్కన కూర్చుని ఒక చాట అందుకుంది. ఎన్నేళ్లయినా చేతులు మరచిపోలేదు. ఆకు, తంబాకు, దారం... చకచకా చుట్టేస్తూ నా ముందు ఒక కుప్ప పోసింది. "మూతులు మలువు" అంది. ఆ పిల్లాడు నా ఎదురుగా కూర్చుని ఎలా మలవాలో చూపించాడు. వాడు పది మలిచేలోగా నేను రెండు. గంట గడిచేసరికి నా వేళ్లు మంటపుట్టాయి. తుమ్ములు ఆగలేదు. వాడు లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు.

ఇంటికొచ్చాక చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగాను. వాసన పోలేదు.

శుక్రవారం బాపుకు సెలవు. ఫోన్ చేసినప్పుడు అమ్మ జరిగిందంతా చెప్పింది. ఫోన్ నా చేతికిచ్చింది. ఎప్పుడూ మొదట "మార్కులెన్ని?" అని అడిగే బాపు ఆ రోజు అది అడగలేదు. "బిడ్డా, ఈడ పని అయినంక మేం బస్సెక్కితే మా పక్క సీట్లో ఎవ్వలు కూసోరు. చెమట వాసనని ముక్కు మూసుకుంటరు. నాకు కోపం రాదు గని ఇల్లు యాదికొస్తది. నువ్వు గట్ల ఎవ్వలినీ చెయ్యకు" అన్నాడు. అంతే. తర్వాత వాన పడ్డదా, పసుపు ఎట్లుంది అని అడిగాడు. ఇంటికొచ్చే సబ్బు వాసన వెనక ఏ వాసన ఉందో నాకు అప్పటిదాకా తెలియదు.

సారు ఏం చేశారంటే...

సోమవారం ఆ పిల్లాడు బడికి వచ్చాడు. మా తెలుగు సారుకు సంగతి తెలిసిందని నాకు తర్వాత తెలిసింది. ఆయన నన్ను నిలబెట్టలేదు. గోడ కుర్చీ వేయించలేదు. 'అందరినీ ప్రేమించాలి' అని పాఠమూ చెప్పలేదు. "ఇవాళ పుస్తకాలు చదవొద్దు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. ఎవరి పుస్తకానికి ఏ వాసనొస్తే అది చెప్పండి" అన్నారు.

మొదట నవ్వులు. తర్వాత ఒక్కొక్కరే మొదలుపెట్టారు. ఒకడి పుస్తకం అంచులు పచ్చగా ఉన్నాయి. ఇంట్లో పసుపు ఉడకబెట్టి కల్లంలో ఎండబోశారు. ఒకమ్మాయి పుస్తకానికి గంజి వాసన. వాళ్లమ్మ ఖాదీ పనికి పోయేది. మెట్‌పల్లి ఖాదీ అంటే అందరికీ తెలిసిన పేరే కదా! ఒకడిది మిర్చి బజ్జీల నూనె వాసన. మరొకడి నాన్న ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వాడి పుస్తకానికి ఏ వాసనా లేకపోయినా 'చెరుకు రసం' అని గొప్పగా చెప్పాడు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినప్పుడు వాడి ముఖమే నాకు గుర్తొచ్చింది. నా వంతు వచ్చింది. "మస్కట్ సబ్బు" అన్నాను. ఆ పిల్లాడి వంతు వచ్చింది. వాడు తలెత్తకుండా "తంబాకు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అప్పటికి అందరూ తమ తమ ఇంటి పని పేరు చెప్పేసి ఉన్నారు మరి.

సారు అక్కడితో ఆపలేదు. ఇంట్లో జరిగే పని గురించి పది వాక్యాలు రాసుకు రమ్మన్నారు. ఆ పిల్లాడు వెయ్యికి ఎన్ని కట్టలు, వారానికి ఎన్ని వేలు, ఎన్ని పనికిరావని తీసేస్తారు, చేతికి ఎంతొస్తుంది... అన్నీ లెక్కలేసి రాశాడు. మాకు పన్నెండో ఎక్కమే తడబడేది. వాడికి ఇరవై ఐదో ఎక్కం నోటికొచ్చు! వారం రోజులు మా తరగతికి ఆ ఎక్కం నేర్పింది వాడే. 'తంబాకు' అన్న పేరు ఎప్పుడు పోయిందో కూడా నాకు గుర్తులేదు.

రైలుబడిలోనూ ఇదే పాఠం

డిగ్రీలో ఉండగా 'రైలుబడి' చదివాను. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో రాసిన 'తొత్తోచాన్' పుస్తకానికి తెలుగు పేరది. అల్లరి భరించలేక మొదటి బడి ఆ పాపను పంపించేసింది. రైలు పెట్టెల్లో నడిచే టోమోయె బడికి తల్లి తీసుకెళ్లింది. అక్కడి హెడ్మాస్టరు కొబయాషి ఆ పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పమన్నారు. మధ్యలో ఆవులించకుండా నాలుగు గంటలు విన్నారు!

ఆ పుస్తకంలో నన్ను ఆపేసిన ఘట్టం ఆటల పోటీలది. తకహాషి అనే పిల్లాడు కాళ్లూ చేతులూ పొట్టిగా ఉండి ఎదగని పిల్లాడు. కొబయాషి ఆ బడి ఆటలను వాడి శరీరానికి అనువుగా ఉండేలా తయారుచేశారు. అన్నింటిలో వాడే గెలిచాడు. బహుమతులేమిటనుకున్నారు? కూరగాయలు! గెలిచినవి ఇంటికి తీసుకెళ్లి, అందరూ కలిసి తినమన్నారు. 'పాపం, వాణ్ని గెలిపించండి' అని ఆయన పిల్లలతో ఒక్క మాట అనలేదు. ఆటనే మార్చేశారు. మా సారు ఆ పుస్తకం చదివారో లేదో నాకు తెలియదు. చేసిన పని మాత్రం అదే.

బొమ్మను కొట్టిన పిల్లలు

బీఈడీ మనస్తత్వశాస్త్రంలో ఆల్బర్ట్ బండూరా పేరు రాగానే నాకు మా ఇంటి గడప గుర్తొచ్చింది. 1961లో ఆయన, సహచరులు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరి ఎదుట ఒక పెద్దమనిషి గాలిబొమ్మను కొడుతూ తిడతాడు. కొందరి ఎదుట పెద్దమనిషి దాని జోలికి పోడు. ఇంకొందరికి ఏదీ చూపించలేదు. తర్వాత అలాంటి బొమ్మ ఉన్న గదిలో పిల్లలను వదిలారు. కొట్టడం చూసిన పిల్లల్లో చాలామంది అచ్చం అలాగే కొట్టారు. దెబ్బలే కాదు, ఆ మాటలూ దించేశారు. వాళ్లకు అలా చేయమని ఎవరూ నేర్పలేదు. చేస్తుంటే చూశారు, అంతే.

మేం పాఠంగా చదువుకున్నది ప్రతి ఇంట్లో రోజూ జరుగుతోంది. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని 'మంచిగా ఉండాలి బిడ్డా' అని చెప్పేది కాసేపే. వాళ్లు పక్కన ఉన్నారని మరచిపోయి మనం మాట్లాడుకునేది రోజంతా. పాలవాడి గురించి, పక్కింటివాళ్ల గురించి, పని మనిషి గురించి, ఊరొదిలి వచ్చినవాళ్ల గురించి... పిల్లలు బడికి మోసుకెళ్లేది ఆ రెండో రకం మాటల్నే.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మంచిదే. కానీ పక్క బెంచీ పిల్లాడు పెట్టే పేరును చట్టం ఎలా ఆపుతుంది? ఆ పేరు పుట్టేది ఇంట్లో. ఆగాల్సిందీ అక్కడే. అలాగని అమ్మానాన్నలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒకరు ఎడారిలో, ఒకరు చాట ముందు ఉండే ఇళ్లలో పెంపకానికి తీరిక ఎక్కడిది? మా ఇంట్లోనూ లేదు. అమ్మ నాకోసం ఖర్చుపెట్టింది ఒక సాయంత్రం. బాపు మాట్లాడింది రెండు నిమిషాలు. అయితే ఇద్దరూ నా తప్పును నా ఒక్కడి తప్పుగా చూడలేదు. అమ్మ తన మాటను తనే దిద్దుకోవడం నేను కళ్లారా చూశాను. నాకు పట్టుబడిన పాఠం అదే.

పౌడరు లేని పుస్తకం

ఆ పౌడరు పుస్తకం సంగతి చెప్పలేదు కదూ. దాన్ని దిద్ది, 'చక్కని రాత' అని రాసి ఇచ్చేశాను. ఆ అమ్మాయిని ఏమీ అడగలేదు. మర్నాడు తరగతిలో మా సారు పాఠమే మళ్లీ పెట్టాను. "పుస్తకాల వాసన చూడండి" అన్నాను. మళ్లీ అవే నవ్వులు. పసుపు వచ్చింది, డీజిల్ వచ్చింది, అగరుబత్తి వచ్చింది. ఆ అమ్మాయి "పౌడరు" అంది. నేను సరేనన్నాను. తర్వాత నా వంతు అని పిల్లలు పట్టుబట్టారు. "మా అమ్మ చేతులది తంబాకు వాసన. నేను ఇక్కడిదాకా చదివింది ఆ చేతులతోనే" అని చెప్పాను.

రెండు వారాలు గడిచాయి. ఆ పుస్తకంలో పౌడరు అలాగే ఉంది. ఒక్క రోజులో పోయేది కాదని నాకూ తెలుసు. బడిలో నా గడువు ముగిసే ముందు చివరిసారి నోట్సులు దిద్దుతుంటే ఆ అమ్మాయి పుస్తకం చేతికొచ్చింది. తెరిచాను. దులపడానికి ఏమీ లేదు.