ఒళ్ళు నొప్పికి బిళ్ళ... కొందరికి ఊపిరికే ఎసరు

పొద్దు గూకింది. మిరపకోత ముగించుకొని కూలీలు ఇళ్ళకు చేరారు. పొద్దుటి నుంచీ వంగి కాయలు కోసిన నడుములు పట్టేశాయి. చేతులు మండుతున్నాయి. రేపు మళ్ళీ పనికి వెళ్ళాలంటే ఈ రాత్రి నిద్ర పట్టాలి. వీధి చివర చిల్లర కొట్టు ఉంది. సబ్బులు, అగ్గిపెట్టెల పక్కనే నొప్పుల బిళ్ళల షీట్లు ఉంటాయి. తలా ఒక బిళ్ళ కొనుక్కొని మింగారు. నలుగురికి నొప్పి తగ్గింది. హాయిగా నిద్రపోయారు.

ఐదో మనిషికి గంట తిరిగేసరికి ముక్కు వెంట నీళ్ళు ధారగా కారడం మొదలైంది. కళ్ళు ఎర్రబడ్డాయి. ఛాతీ బిగదీసుకుపోయింది. పిల్లికూతలతో ఆయాసం ఎక్కింది. "మిరప ఘాటు పట్టిందమ్మా, కాసేపు కూర్చో, అదే తగ్గుతుంది" అంది ఇంట్లో పెద్దామె.

అది ఘాటు కాదు. మింగిన బిళ్ళ చేసిన పని.

ఇది ఫలానా ఊరిలో జరిగిన కథ కాదు. ఉబ్బసం మనిషి ఉండి, అడిగినదే తడవుగా నొప్పుల బిళ్ళ దొరికే ఏ ఊరిలోనైనా జరగగలిగినదే. గుంటూరు, పల్నాడు పల్లెల్లో దీన్ని పసిగట్టడం మరీ కష్టం. కోతల కాలంలో కల్లాల దగ్గర తుమ్మని వారుండరు, దగ్గని వారుండరు. ముక్కు కారినా, గొంతు గరగరలాడినా నెపం మిరపకాయ మీదకే పోతుంది. అసలు దొంగ ఆ సందడిలో తప్పించుకుంటాడు.

నూటికి ఏడుగురు

ఆస్పిరిన్ పాత మందు. విల్లో అనే చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తున్నదని ఇంగ్లండులో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతాచార్యుడు 1763లో అక్కడి రాయల్ సొసైటీకి రాశాడు. 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ ఇప్పటి ఆస్పిరిన్‌ను శుద్ధంగా తయారు చేశాడు. 1899 నుంచి అది బజారులోకి వచ్చింది. తలనొప్పికి, జ్వరానికి, కీళ్ళ నొప్పులకు ప్రపంచమంతా దాన్నే మింగింది. ఈనాటికీ గుండెపోటు వచ్చిన వారికి అది ప్రాణం నిలిపే మందు.

అలాంటి మందే కొందరికి పడదని వైద్యులు త్వరలోనే గమనించారు. 1922లో ఫ్రాన్సులో ఫెర్నాండ్ విడాల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మూడు బాధలు ఒకే మనిషిలో కలిసి ఉండడాన్ని వర్ణించారు. ఒకటి ఉబ్బసం. రెండు ముక్కులో కండ పెరగడం. మూడు ఆస్పిరిన్ పడకపోవడం. 1968లో అమెరికాలో మాక్స్ శామ్టర్, రే బీర్స్ అనే వైద్యులు ఇలాంటి రోగులను ఎందరినో పరిశీలించి వివరంగా రాశారు. అప్పటి నుంచి ఈ మూడింటి కూటమిని వైద్యులు శామ్టర్ పేరుతోనే పిలుస్తున్నారు.

వివిధ దేశాల్లో జరిగిన పరిశోధనలను కలిపి 2015లో ఒక లెక్క వేశారు. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళలో నూటికి సుమారు ఏడుగురికి ఆస్పిరిన్ పడదని తేలింది. ఉబ్బసం బాగా ముదిరిన వారిలో ఆ సంఖ్య నూటికి పదిహేను దాకా ఉంది. అంటే ఉబ్బసం ఉన్నవారిలో ఎక్కువమందికి ఈ బిళ్ళతో ఇబ్బంది ఉండదు. అయితే ఆ ఏడుగురు ఎవరన్నది మొహం చూసి చెప్పలేము.

తూము మూస్తే మళ్ళిన నీరు

బిళ్ళ మింగితే నొప్పి ఎందుకు తగ్గుతుందన్నది 1971 దాకా ఎవరికీ సరిగా తెలియదు. ఆ ఏడాది ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ వేన్ గుట్టు విప్పాడు. దెబ్బ తగిలినా, వాపు వచ్చినా శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారు చేసుకుంటుంది. నొప్పి, జ్వరం వాటి వల్లనే. ఆస్పిరిన్ ఆ తయారీని ఆపేస్తుంది. ఈ పనికి 1982లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సూత్రమే ఉబ్బసం చిక్కుముడినీ విప్పుతుందని పోలండ్ వైద్యుడు ఆంజే ష్చెక్లిక్, ఆయన బృందం 1975లోనే చూపించారు.

కాలువ సేద్యం చేసే రైతుకు ఇది ఇట్టే బోధపడుతుంది. ఒక తూము మూసేస్తే నీరు ఆగిపోదు. పక్క కాలువకు మళ్ళుతుంది. అక్కడ గట్టు బలంగా ఉంటే ఏమీ కాదు. బలహీనంగా ఉంటే తెగి చేను మునుగుతుంది. శరీరంలోనూ రెండు దారులున్నాయి. ఒక దారిలో ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. రెండో దారిలో ల్యూకోట్రయిన్లు అనేవి తయారవుతాయి. ఇవి ఊపిరి గొట్టాలను బిగించేస్తాయి, ముక్కు లోపలి పొరను ఉబ్బిస్తాయి. ప్రోస్టాగ్లాండిన్లలోనే ఒక రకం ఈ రెండో దారికి కళ్ళెంలా పనిచేస్తూ ఉంటుంది. ఆస్పిరిన్ మింగగానే ఆ కళ్ళెం తెగుతుంది. మామూలు మనిషికి దీనివల్ల నష్టం లేదు. ఈ జబ్బున్న వారిలో రెండో దారి అప్పటికే పొంగి ఉంటుంది. అందుకే ఒక్క బిళ్ళతో గండి పడుతుంది.

అందుచేత దీన్ని రొయ్యలు పడకపోవడం లాంటి మామూలు ఎలర్జీ అనుకోకూడదు. రక్తం పరీక్షలో గాని, చర్మం మీద సూదితో చేసే పరీక్షలో గాని ఇది బయటపడదు. రోగి చెప్పే కథే వైద్యునికి మొదటి ఆధారం. అనుమానం తీరకపోతే పెద్దాసుపత్రిలో, అన్ని ఏర్పాట్ల మధ్య కొద్దికొద్దిగా మందు ఇచ్చి చూస్తారు. ఇంటి దగ్గర ఎవరూ ఈ పరీక్ష చేసుకోరాదు. ప్రాణం మీదికి వస్తుంది.

తాలింపు వాసన తెలియకపోతే

ఈ జబ్బు పసితనంలో సాధారణంగా రాదు. ముప్పయ్యో పడి దాటాక మొదలయ్యేదే ఎక్కువ. ముందు జలుబు పట్టుకుంటుంది. వారం, నెల, ఏడాది గడిచినా వదలదు. ముక్కు దిబ్బడ వేసి నోటితో ఊపిరి పీల్చాల్సి వస్తుంది. తర్వాత వాసన పోతుంది. పొయ్యి మీద అన్నం మాడినా తెలియదు. తాలింపు ఘుమఘుమ పక్కింటివారికి తెలుస్తుంది గాని వండిన మనిషికి తెలియదు. డాక్టరు లైటు వేసి చూస్తే ముక్కు లోపల ద్రాక్షపళ్ళలా కండ పెరిగి కనిపిస్తుంది. ఆపరేషన్ చేసి తీయించుకున్నా కొన్నాళ్ళకు మళ్ళీ పెరుగుతుంది. ఆ మీదట ఉబ్బసం వస్తుంది. ఈ వరుసలో ఎక్కడో ఒకచోట, నిన్నటిదాకా పడిన బిళ్ళ ఒకరోజు ఎదురు తిరుగుతుంది.

"చిన్నప్పటి నుంచీ వేసుకుంటున్న బిళ్ళే, నాకేమవుతుంది" అనే ధీమా అందుకే పనికిరాదు.

బిళ్ళ మింగిన అరగంట నుంచి మూడు గంటల లోపు బాధ మొదలవుతుంది. ముక్కు కారడం, ముఖం ఎర్రబడడం, దగ్గు, ఆయాసం దాని గుర్తులు. వీరిలో చాలామందికి సారా, బ్రాందీ, బీరు తాగినా ముక్కు దిబ్బడ వేసి ఆయాసం వస్తుంది. ఇంకో రకం మనుషులున్నారు. వారికి ఊపిరికి ఏమీ కాదు, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, పెదవులు, కనురెప్పలు వాస్తాయి. తరచూ దద్దుర్లతో బాధపడేవారిలో కొందరికి ఈ బిళ్ళలు అగ్గికి ఆజ్యం పోసినట్లవుతాయి.

పేరు మారినా గుణం ఒకటే

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఆస్పిరిన్ పడదని తెలిసినవారు దాన్ని మానేసి వేరే పేరున్న బిళ్ళ కొంటారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్, పైరాక్సికామ్, కీటోరోలాక్ అన్నీ అదే తూమును మూసే మందులు. ఒకటి పడనివారికి మిగిలినవీ పడవు. డిస్ప్రిన్, ఎకోస్ప్రిన్‌లలో ఉన్నది ఆస్పిరిన్. బ్రూఫెన్‌లో ఉన్నది ఐబుప్రొఫెన్. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ కలిసి ఉన్నాయి. వోవెరాన్‌లో ఉన్నది డైక్లోఫెనాక్. అందుకే షీటు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివించుకోవాలి.

బిళ్ళ మానేసి సూది వేయించుకున్నా ముప్పు తప్పదు. నొప్పులకు వేసే ఇంజెక్షన్లలో డైక్లోఫెనాక్ ఒకటి. సూది పట్టుకొచ్చే మనిషికి "నాకు ఉబ్బసం ఉంది, ఈ మందు పడదు" అని ముందే చెప్పాలి. పన్ను పీకించుకునేటప్పుడు, ఆపరేషన్‌కు వెళ్ళేటప్పుడు కూడా ఈ మాట మరవకూడదు.

మరి నొప్పి వస్తే, జ్వరం వస్తే ఏం చేయాలి? వీరిలో చాలామందికి పారాసెటమాల్ పడుతుంది. పెద్దవాళ్ళకు 500 మిల్లీగ్రాముల బిళ్ళతో సాధారణంగా ఇబ్బంది రాదు. ఒకేసారి రెండు బిళ్ళలు, అంటే 1000 మిల్లీగ్రాములు వేసుకుంటే కొందరికి కొంచెం ఆయాసం రావచ్చు. అందుకని మోతాదు డాక్టరును అడిగి తెలుసుకోవడం మంచిది. ఎముకల నొప్పులకు తప్పనిసరైతే వేరే రకం మందులున్నాయి. వాటిని డాక్టరే ఎంచి ఇవ్వాలి.

పెరుగు మానతారు, బిళ్ళ మానరు

ఉబ్బసం అనగానే మన ఇళ్ళలో ముందు వచ్చే ప్రశ్న పథ్యం. పెరుగు మానేస్తారు. వంకాయ మానేస్తారు. అరటిపండు ముట్టరు. ఏళ్ళ తరబడి నోరు కట్టుకుంటారు. నొప్పుల బిళ్ళను మాత్రం మందుగానే చూస్తారు, పథ్యం లెక్కలోకి తీసుకోరు. ఈ జబ్బున్న మనిషి పాటించాల్సిన అసలు పథ్యం ఆ బిళ్ళే.

అలాగని బిళ్ళ మానేసినంత మాత్రాన జబ్బు పోదు. ముక్కు, ఊపిరితిత్తుల లోపలి వాపు అలాగే ఉంటుంది. ముక్కులో కొట్టుకునే మందు, పీల్చే మందు డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడాలి. పీల్చే మందు అలవాటైపోతుందని, అది ఆఖరి మందని పల్లెల్లో ఒక భయం ఉంది. అది నిజం కాదు. పీల్చే మందు సరాసరి ఊపిరి గొట్టాలకే చేరుతుంది కాబట్టి కొద్ది మోతాదుతోనే పని జరుగుతుంది. ల్యూకోట్రయిన్లను అడ్డుకునే మాంటెలుకాస్ట్ బిళ్ళ కూడా కొందరికి మేలు చేస్తుంది.

విచిత్రమేమంటే, పడని ఆస్పిరిన్‌నే మందుగా మార్చే పద్ధతి కూడా ఉంది. పెద్దాసుపత్రిలో నిపుణుల కనుసన్నల్లో అతి చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ శరీరానికి అలవాటు చేస్తారు. ఆ తర్వాత రోజూ వేసుకుంటే ముక్కులో కండ పెరగడం తగ్గుతుంది. కొన్ని రోజులు మానేస్తే పాత బాధ తిరిగి వస్తుంది. ఇది ఎవరికివారు చేసుకునే వైద్యం కాదు.

గుండెజబ్బు ఉండి రోజూ చిన్న ఆస్పిరిన్ బిళ్ళ వేసుకునేవారు ఈ సంగతి విని భయపడి మానేయకూడదు.  చెప్పాపెట్టకుండా మానితే గుండెకే ప్రమాదం. అనుమానం ఉంటే మందు రాసిన డాక్టరునే అడగాలి.

ఆయాసం ఎక్కితే

బిళ్ళ మింగాక ఆయాసం మొదలైతే తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. మనిషిని పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టాలి. ఉబ్బసానికి డాక్టరు ఇచ్చిన పీల్చే మందు ఉంటే వెంటనే వాడాలి. 108కు ఫోను చేయాలి. మాట పూర్తిగా చెప్పలేకపోతున్నా, పెదవులు నీలం తిరుగుతున్నా ఒక్క నిమిషం ఆలస్యం చేయరాదు. మింగిన బిళ్ళ షీటు పారేయకుండా ఆసుపత్రికి వెంట తీసుకుపోవాలి. డాక్టరుకు దానికంటే మంచి సాక్ష్యం ఉండదు.

ఒకసారి ఇలా జరిగి బయటపడిన మనిషికి మందు పేరు గుర్తుండకపోవచ్చు. చదువు రాకపోవచ్చు. ఆసుపత్రి నుంచి వచ్చేముందే డాక్టరు చేత, లేదా ఊళ్ళో ఆశా కార్యకర్త చేత ఒక చీటీ మీద "ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ పడవు" అని రాయించుకోవాలి. దాన్ని ఆధార్ కార్డుతో కలిపి సంచిలో పెట్టుకోవాలి. మందుల షాపులోనూ, సూది వేసేచోటా ఆ చీటీ ముందు చూపించి తర్వాతే చేయి చాపాలి.

చిల్లర కొట్టు నడిపేవారు కూడా ఒక్క మాట అడిగితే చాలు. "ఉబ్బసం ఉందా బాబాయ్?" ఆ ప్రశ్నకు ఖర్చు లేదు. ఐదో మనిషి కూడా మిగతా నలుగురిలాగే తెల్లారి పనికి వెళ్ళగలుగుతాడు.